ముక్కు కొట్టిన గుడ్డు

"అన్నా, నిన్న పొద్దుగూకేటప్పుడు చిల్లు పెట్టిందన్నా. లోపల కీచుకీచుమంటోంది. ఇంకా అట్నే ఉంది. పెంకు తీసేద్దునా?"

ఎండలు ముదరకముందు ఒకసారి, తొలకరి పడ్డాక మరోసారి ఈ ప్రశ్న నాకు సంతలో ఎదురవుతుంది, బస్సులో ఎదురవుతుంది, అన్నం తినే వేళ ఫోన్లోనూ వస్తుంది. పాల్వంచ నుంచి భద్రాచలం దాకా, పైన దుమ్ముగూడెం, చర్ల వైపు, కింద దమ్మపేట, అశ్వారావుపేట వైపు ఇప్పుడు చాలా ఊళ్లలో గుడ్లు పొదిగే మిషన్లు కనిపిస్తున్నాయి. కొన్నవి కొన్ని. థర్మోకోల్ పెట్టెకు బల్బు, చిన్న ఫ్యాను, డిజిటల్ మీటరు బిగించుకున్న సొంత తయారీలు కొన్ని. అడిగేవాడి గోరు అప్పటికే పెంకు మీద ఉంటుందని నాకు తెలుసు. అందుకే ముందు ఒక్కటే అడుగుతాను: "కోడిగుడ్డా, బాతుగుడ్డా?"

సగం జవాబు అక్కడే ఉంది. కోడిపిల్ల పెంకుకు చిల్లు పెట్టాక మామూలుగా 12 గంటల నుంచి ఒక రోజులోపు బయట పడుతుంది. బాతుపిల్ల ఒక రోజు నుంచి రెండు రోజులు తీసుకుంటుంది. దాని పెంకు దళసరి, పొర గట్టిది, అది నెమ్మది మనిషి. కోళ్ల లెక్కతో బాతుగుడ్డు ముందు కూర్చున్నవాడికి రెండో రోజు పొద్దున కంగారు మొదలవుతుంది. మా వైపు చచ్చే బాతుపిల్లల్లో చాలావాటిని చంపేది ఆ కంగారే.

కోడిగుడ్డుకు 21 రోజులు, బాతుగుడ్డుకు 28, మస్కోవీ బాతుకైతే 35 దాకా పోతుంది. ఈ లెక్క చిన్నపిల్లలు కూడా చెబుతారు. చివరి రెండు మూడు రోజుల్లో లోపల ఏం జరుగుతుందో మాత్రం పెంకు దాచేస్తుంది. గుడ్డు లావు కొన దగ్గర గాలి గది ఉంటుంది. చీకట్లో టార్చి ఆనిస్తే తెల్లగా వెలిగేది అదే. కోడిపిల్ల 19, 20 రోజుల వేళ మొదట పొడిచేది పెంకును కాదు, ఆ గదికి అడ్డుగా ఉన్న పొరను. దాని ఊపిరితిత్తుల్లోకి మొదటిసారి గాలి పోయేది అప్పుడే. అంతదాకా దానికి ఊపిరి అందించింది పెంకు లోపలి గోడంతా పరుచుకున్న రక్తనాళాల పొర. గదిలో ఉన్న గాలి కొంచెమే కాబట్టి అది తొందరగానే చెడుతుంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ పిల్ల మెడ వెనక కండరం ఎగిరెగిరిపడుతుంది. ఆ కండరం ఈ పనికోసమే బలిసి, పనైపోయాక తగ్గిపోతుంది. ముక్కు కొన మీదుండే గట్టి మొటిమ పెంకుకు తగిలి పగులు వస్తుంది. మనకు బయటినుంచి కనిపించే ముక్కు దెబ్బ అదీ.

ఆ తర్వాత పిల్ల ఊరుకుంటుంది. మనవాళ్లు భయపడేది ఈ ఊరుకోవడాన్ని చూసే. నిజానికి అంత పని అది పుట్టాక కూడా చెయ్యదు. పొరలోని రక్తాన్ని ఒంట్లోకి లాక్కుంటుంది. మిగిలిన పచ్చసొనను సంచితో సహా బొడ్డులోంచి కడుపులోకి తీసుకుంటుంది. రెండు మూడు రోజులు మేత లేకున్నా బతికేంత తిండి అది. హేచరీల వాళ్లు ఒకరోజు పిల్లల్ని అట్టపెట్టెల్లో సర్ది వందల కిలోమీటర్లు పంపగలుగుతున్నది ఆ సొన బలం మీదే. నోరు తెరుస్తూ మూస్తూ ఆవలిస్తున్నట్టు కనిపించిందంటే పని ఇంకా నడుస్తోందన్నమాట. అప్పుడు పెంకు ఊడదీస్తే రెండే జరుగుతాయి. నాళం తెగి రక్తం కారుతుంది, లేకపోతే పచ్చసొన సంచి బయట వేలాడుతూ పిల్ల చేతికొస్తుంది. రెండింటికీ మందు లేదు.

అన్నీ సర్దుకున్నాక అది లోపల మెల్లగా తిరుగుతూ, లావు కొన చుట్టూ పెంకును కోసుకుంటూ పోతుంది. సాధారణంగా గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురు తిరుగుతుంది. ముప్పాతిక చుట్టు అయ్యాక మెడ చాచి, కాళ్లు తన్ని, టోపీ పడేసినట్టు మూత పడేస్తుంది.

పొదుగులో కూర్చున్న పెట్ట ఈ పనిలో జోక్యం చేసుకోదు. పెంకు కొరికి పిల్లను లాగిన పెట్టను నేను చూడలేదు. అది గుడ్లను ముక్కుతో తిప్పుతుంది, రోజుకోసారి లేచి నాలుగు గింజలు తిని, రెట్ట వేసి, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. చివరి రోజుల్లో దాదాపు లేవదు. చెయ్యి పెడితే పొడుస్తుంది. ఇంకొకటి కూడా చేస్తుంది. మాట్లాడుతుంది. గుడ్లలోంచి కీచుమన్నప్పుడల్లా గొంతులో క్లుక్ క్లుక్ మంటుంది. దీన్ని ముచ్చటగా చెప్పుకోవడంతో సరిపెట్టకుండా పరీక్షించినవాళ్లున్నారు. కేంబ్రిడ్జిలో మార్గరెట్ విన్స్ 1960ల్లో కౌజుపిట్టల గుడ్లను ఒకదానికొకటి ఆనేలా పెట్టి చూశారు. లోపలి పిల్లలు చేసే టిక్ టిక్ చప్పుడుకు వెనకబడ్డ పిల్లలు తొందరపడి అన్నీ దాదాపు ఒకేసారి బయట పడ్డాయి. గుడ్డులో ఉండగానే బాతుపిల్ల తల్లి పిలుపుకు స్పందిస్తుందని అమెరికాలో గిల్బర్ట్ గాట్లీబ్ చూపించారు. మా పెట్టెల వాళ్లకు దీంట్లోంచి పనికొచ్చే సంగతి ఒకటుంది. వెనకబడ్డ గుడ్డును విడిగా తీసి మూల పెట్టకండి. అరుస్తున్న గుడ్ల మధ్యనే ఉంచండి.

మొదటి పిల్లలు లేచాక ఒకటి రెండు రోజులకు పెట్ట గూడు దిగుతుంది. ముక్కు కొట్టిన గుడ్డు ఇంకొకటి మిగిలినా వెనక్కి చూడదు. లేచిన పిల్లలకు మేత కావాలి, నీళ్లు కావాలి. గద్దల నుంచి, ముంగిసల నుంచి, జంగుపిల్లుల నుంచి వాటిని కాయాలి. ఆ లెక్కలో ఒక గుడ్డుకు చోటు లేదు. మన అడవుల్లో తిరిగే అడవికోడిదీ ఇదే నీతి. ఇంటి కోళ్లన్నిటికీ పూర్వీకురాలైన ఎర్ర అడవికోడి, దక్షిణాదికే సొంతమైన బూడిదరంగు అడవికోడి ఈ గోదావరి ప్రాంతంలోనే హద్దు పంచుకుంటాయని పక్షుల సంగతి తెలిసినవాళ్లు చెబుతారు. ఆ రెండింటికీ పెంకు ఒలిచిపెట్టే చెయ్యి లేదు.

ఊళ్లో సాయపడే చెయ్యి ఉంది. పెట్ట వదిలేసిన గుడ్డును చెవికానించి విని, వెచ్చటి గుడ్డలో చుట్టి పొయ్యి పక్కన పెట్టుకున్న కోయ అవ్వలను నేను చూశాను. ఆ రాత్రికి అదే బయట పడితే సరి, పడకపోతే సరి. మర్నాడు పిల్ల కనిపిస్తే తల్లి రెక్క కిందకు చీకట్లో తోసేవాళ్లు. వెలుతుర్లో తోస్తే తల్లి లెక్కపెట్టి తరుముతుందని నవ్వేవాళ్లు. విత్తనాల పండగకు కోడి, పెళ్లికి కోడి, వేల్పుకు కోడి కావాల్సిన ఇళ్లలో ఒక పిల్ల తక్కువ ఎక్కువలు చిన్న విషయం కాదు. అయినా పెంకు మీద గోరు పెట్టిన చేతిని అక్కడ నేను చూడలేదు. గుడ్డు బతికుందో లేదో చూడాలంటే గోరువెచ్చని నీళ్లలో వదిలేవాళ్లు. లోపల పిల్ల కదిలితే గుడ్డు నీళ్లలో ఊగుతుంది. పెంకుకు ఏ పగులూ లేనప్పుడే ఆ పరీక్ష. ముక్కు కొట్టిన గుడ్డును నీళ్లలో వేస్తే పిల్ల మునిగి చస్తుంది.

మరి మిషను అవసరం ఎందుకొచ్చింది? పొదిగే కోళ్లు తగ్గిపోవడం వల్ల. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 1988లో మొదలైన కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ పెరటి కోళ్లు మన ఏజెన్సీ ఊళ్లకు బాగానే వచ్చాయి. ఇవి నాటు కోడికంటే ఎక్కువ గుడ్లు పెడతాయి. పెరట్లో తిరిగే వనరాజా పెట్ట ఏడాదికి వంద చిల్లర పెడుతుంది. కానీ గుడ్ల మీద కూర్చోవాలన్న ఆశ వాటికి దాదాపు లేదు. గుడ్లు పెరగాలంటే ఆ గుణాన్ని తీసెయ్యాల్సిందే, ఎందుకంటే పొదుగులో ఉన్న పెట్ట గుడ్డు పెట్టదు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా నుంచి వచ్చిన కడక్‌నాథ్ కూడా పొదగడంలో అంతంతమాత్రమే.

ఇంకో సంగతి పందెం కోడి. 2014లో కుక్కునూరు, వేలేరుపాడు ఆంధ్రలో కలిశాక సంక్రాంతి వచ్చిందంటే అశ్వారావుపేట రోడ్డు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. చట్టం ఒప్పకపోయినా బరులు ఆగవు. మంచి వంశపు అసీల్ పెట్ట ఏడాదికి పెట్టే గుడ్లు తక్కువ. పేరున్న డేగ పుంజుకో, కాకి పుంజుకో పడ్డ గుడ్డు ఒక్కొక్కటీ పెద్దనోటు పలుకుతుంది. అంత డబ్బు పెట్టి కొన్న గుడ్డులో పిల్ల కీచుమంటుంటే చేతులు కట్టుకు కూర్చోవడం ఎవరివల్ల అవుతుంది? నాకు ఫోన్లు చేసేవాళ్లలో సగంమంది గొంతులో వణుకు ఆ డబ్బుది. నేను తప్పుపట్టను.

కానీ నా అనుభవంలో ముక్కు కొట్టాక ఇరుక్కుపోయే పిల్ల ఇరుక్కునేది ఆ రోజున కాదు. మూడు వారాల ముందు నుంచే. పెంకుకు వేల సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. వాటిగుండా గుడ్డులోని నీరు కొంచెం కొంచెంగా ఆవిరైపోవాలి. 60 గ్రాముల కోడిగుడ్డు 18 రోజుల్లో ఏడెనిమిది గ్రాములు తగ్గాలి. అంత తగ్గితేనే గాలి గది పిల్లకు సరిపోయేంత పెరుగుతుంది. పెట్టెలో తేమ మరీ ఎక్కువైతే గది చిన్నదవుతుంది, పిల్ల నీరుపట్టి ఉబ్బుతుంది, తిరగడానికి చోటుండదు. ముక్కు కొట్టిన చోటే జిగురులో ఊపిరాడక పోతుంది. మరీ పొడిగా ఉంటే, లేదా చివరి రోజుల్లో మూత పదేపదే తెరిస్తే, లోపలి పొర ఎండి పిల్లకు అతుక్కుపోతుంది. బతికే ఉంటుంది, అరుస్తుంది, కదల్లేదు. ముక్కు కొట్టిన గుడ్లున్న పెట్టెను ఒక్కసారి తెరిస్తే లోపలి ఆవిరంతా బయటికి పోతుంది, మళ్లీ కూడుకోవడానికి సమయం పడుతుంది. ఒక పిల్లను చూద్దామని తెరిచిన మూత పక్కనున్న నాలుగు పిల్లల పొరలను ఎండగడుతుంది.

ఫ్యాను ఉన్న పెట్టెలో 37.5 డిగ్రీలు. మొదటి 18 రోజులు తేమ 50 శాతం అటూఇటూ. తర్వాత గుడ్లు తిప్పడం మానేసి, తేమ 65, 70కి పెంచి, మూత వెయ్యాలి. బాతుగుడ్డుకు ఆ మూత రోజు 25వది. పైగా బాతుగుడ్లకు రెండో వారం నుంచి రోజుకోసారి చల్లగాలి తగలనిచ్చి, గోరువెచ్చని నీళ్లు చిలకరించాలి. తల్లి బాతు తడిసిన ఈకలతో వచ్చి కూర్చుంటుంది కదా, అదే లెక్క. కోడిగుడ్లు, బాతుగుడ్లు కలిపి పొదగెయ్యాలంటే బాతుగుడ్లను వారం ముందు పెడితే రెండూ ఒకేసారి తేలతాయి.

మే నెల సంగతి విడిగా చెప్పాలి. పెట్టెకు వేడిచెయ్యడం తెలుసు, చల్లబరచడం తెలియదు. రేకుల గదిలో 43 డిగ్రీలుంటే పెట్టెలో బల్బు ఆరిపోయి ఉంటుంది, గుడ్లు ఉడుకుతూ ఉంటాయి. మట్టిగోడ, తాటాకు కప్పు ఉన్న వంటపాకే మా వైపు మంచి పొదుగుగది. గోడవారగా పెట్టి చుట్టూ తడి గోనెపట్టాలు వేలాడదీయాలి. కొన్న గుడ్లు కూడా ఆ ఎండల్లో మూడు నాలుగు రోజులకంటే నిలవుండకూడదు. బయటి వేడికే పిండం కొద్దిగా ఎదగడం మొదలుపెట్టి అక్కడే ఆగిపోతుంది.

కరెంటు మాట. పాల్వంచలో ఒక థర్మల్ స్టేషను, మణుగూరులో ఇంకొకటి, కరెంటు పుట్టే ఊళ్ల నడుమ ఉంటాం. గాలివానకు చెట్టుకొమ్మ తీగ మీద పడితే మాత్రం రాత్రంతా చీకటే. అప్పుడు మూత తియ్యకుండా దుప్పట్లు కప్పండి, వేడినీళ్ల సీసాలు పక్కన పెట్టండి. చివరి వారంలో పిల్లలు తమ ఒంటివేడితో కొంతసేపు నెట్టుకొస్తాయి. చలి వాటిని వెనకబెడుతుంది. అతివేడి అయితే చంపుతుంది. అలా ఒక రాత్రి చల్లబడ్డ పెట్టెలో 21వ రోజు 22వ రోజుగా మారుతుంది. క్యాలెండరు చూసి పెంకు తియ్యొద్దని నేను పోట్లాడేది ఇందుకే.

సరే, ఎప్పుడు తియ్యాలి? కోడిగుడ్డు ముక్కు కొట్టి 24 గంటలు దాటినా, బాతుగుడ్డు 48 దాటినా, చిల్లు ఒక్క గింజంత కూడా పెరగకపోతే ఆలోచించాలి. చిల్లులోంచి కనిపించే పొర తెల్లగా తడిగా ఉంటే ఇంకా ఆగొచ్చు. పసుపుకో గోధుమరంగుకో తిరిగి తోలులా బిగిసిందంటే ఆగకూడదు. పెంకును సగం చుట్టు కోసుకొని నాలుగైదు గంటలు కదలకుండా ఉన్న పిల్ల, గొంతు అంతకంతకూ సన్నబడుతున్న పిల్ల, ఇవీ సాయం అడుగుతున్నవే. సన్న కొన దగ్గర ముక్కు కొట్టిందంటే పిల్ల తలకిందులుగా ఉందన్నమాట. దానికి గాలి గది అందదు. ఆ వైపు నాళాలు ఎక్కువ కాబట్టి చిల్లును ఊపిరాడేంత మాత్రం పెద్దది చేసి వదిలెయ్యాలి. ఇంకొక రకం ఉంది. టార్చి వెలుగులో గాలి గదిలోకి ముక్కు నీడ పొడుచుకొచ్చి కనిపిస్తుంది, బయట మాత్రం పగులు ఉండదు. ఒక రోజు గడిచినా, బాతైతే ఒకటిన్నర రోజు గడిచినా అలాగే ఉంటే లావు కొన నడినెత్తిన సూదిమొనతో తిప్పుతూ ఆవగింజంత రంధ్రం పెట్టండి. అది గాలి కోసం. అంతకుమించి ముట్టుకోవద్దు.

తియ్యాల్సి వచ్చినప్పుడు చెయ్యి కడుక్కొని, ఫ్యాను ఆపి, తలుపు వేసుకొని కూర్చోండి. కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లు, దూది చుట్టిన పుల్ల, చిన్న పట్టకారు చాలు. గాలి గది ఉన్న మేర పెంకును మాత్రం చిన్న చిన్న ముక్కలుగా తీసి, తేలిన పొరను దూదితో తడపాలి. ముక్కు రంధ్రాల్లోకి చుక్క పోకూడదు. కొందరు కొబ్బరినూనె రాస్తారు, అదీ మంచిదే, త్వరగా ఆరదు. తడిసిన పొర అద్దంలా అవుతుంది. అందులో ఎర్రటి నాళాలు కనిపించాయా, అంతే, పట్టకారు కింద పెట్టి, తడి గుడ్డ కప్పి, గుడ్డును పెట్టెలో పెట్టి అయిదారు గంటలు మరిచిపోండి. ఈ పని మొత్తంలో నేర్చుకోవాల్సింది ఈ ఆగడమే. నాళాలు మాసిపోయి పొర ఖాళీగా కనిపిస్తే ముక్కు దగ్గర నుంచి మొదలుపెట్టి తల మీది పొరను వెనక్కి మడిచి, తలను రెక్క కిందినుంచి విడిపించండి. అంతటితో మీ పని అయిపోయింది. కింది సగం పెంకులోంచి అది తనంతట తన్నుకొని రావాలి. బొడ్డు దగ్గర సొన ఇంకా మిగిలుంటే ఆ వేళలో లోపలికి పోతుంది. ఎక్కడైనా రక్తపు చుక్క కనిపిస్తే శుభ్రమైన దూదితో మెత్తగా అదిమి ఆపెయ్యండి.

బయట పడ్డాక బొడ్డుకు అయోడిన్ అద్దండి. మురికి చేతులు, మురికి పెట్టె బొడ్డును కుళ్లబెడతాయి. ఆలస్యంగా వచ్చిన పిల్లలకు కాళ్లు రెండు పక్కలకూ జారిపోతుంటాయి. న్యూస్‌పేపరు తీసేసి గోనెపట్టా పరిచి, రెండు కాళ్లనూ సన్నటి అంటుపట్టీతో కొద్దిగా ఎడంగా కలిపి కడితే రెండు మూడు రోజుల్లో చాలావాటికి సర్దుకుంటుంది. నూకలు, నీళ్లు రెండో రోజు చాలు.

ఇంత చెప్పాక పందెంకోళ్ల పెద్దలు నాతో వాదానికి దిగుతారు. "గుడ్డు పగలగొట్టుకోలేనిది బరిలో ఏం పగలగొడుతుందయ్యా, దాన్ని ఉంచడమే తప్పు" అంటారు. మాటలో కొంత నిజముంది. బలహీనత వంశంలోదైతే సాయం చేసిన ప్రతిసారీ దాన్ని ముందుకు తోస్తున్నట్టే. కానీ పెట్టెలో నీళ్ల గిన్నె ఎండిపోయి ఇరుక్కున్న పిల్లకు బలహీనత ఏముంది? తప్పు పెట్టెది, శిక్ష పిల్లకా? నేను అలాంటి పిల్లను తీస్తాను, కాలికి రంగుదారం కడతాను, పెంచుతాను, తినడానికో అమ్మడానికో ఉంచుతాను. గుడ్లకు మాత్రం ఉంచను. పక్క పిల్లలన్నీ సుబ్బరంగా లేచి అది ఒక్కటే మిగిలిపోతే దారం రంగు వేరు. పది గుడ్లలో నాలుగైదు ఇరుక్కున్నాయంటే ఏ దారమూ అక్కర్లేదు, పెట్టెను సరిచూసుకోవాలి.

అది తెలుసుకోవడానికి పిల్ల లేవని గుడ్లను పారెయ్యకండి. కోడికి 23వ రోజున, బాతుకు 30వ రోజున దొడ్లో ఒక పక్కన కూర్చొని ఒక్కొక్కటే పగలగొట్టండి. వాసన భరించాలి. ఏమీ ఎదగని గుడ్డైతే పుంజు దాటనిది, లేక నిలవ చెడింది. ఎర్రటి ఉంగరంలాంటి గీత ఉంటే మొదటి వారంలో వేడి ఎగుడుదిగుడైంది. పూర్తిగా ఎదిగి పొర ఎండి అతుక్కుని చచ్చిన పిల్లలు ఎక్కువైతే చివర్లో తేమ చాలలేదు. ఒళ్లంతా నీరుగా, గాలి గది చిన్నగా ఉంటే నీళ్లు ఎక్కువ పోశారు. మా వైపు ఈ చివరి తప్పు జూన్ తర్వాతే జరుగుతుంది. మే నెలలో ఎవరో చెప్పిన నీళ్ల లెక్కనే గోదావరి పొంగే నెలల్లోనూ పాటిస్తారు. వానలు మొదలయ్యాక పెట్టే విడతకు తేమ మీటరు 40కి దిగకపోతే 18వ రోజు దాకా నీళ్ల గిన్నె బయటే పెట్టండి.